అప్పగించాక

సెప్టెంబర్ 2, సోమవారం

తమ్ముణ్ణి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాను. వార్డులో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మరీ వెళ్ళొస్తానని చెప్పి వచ్చాడు. నర్సులు నవ్వుతూ చేతులూపారు. తాగనప్పుడు వాణ్ణి ఇష్టపడని మనిషి ఉండరు, అదే వచ్చిన చిక్కు.

డాక్టరు నన్ను మాత్రం వరండాలోకి పిలిచి చెప్పాడు. "లివరు సగానికి పైగా పోయిందమ్మా. మిగిలింది కాపాడుకుంటే బతుకుతాడు. మళ్ళీ మొదలుపెడితే మాత్రం, ఈసారి రక్తం కక్కుకున్నప్పుడు ఇక్కడిదాకా తీసుకొచ్చే టైం కూడా ఉండదు." నేను తల ఊపాను. ఏం అర్థమైందని ఊపానో.

మరదలు పాపను తీసుకుని పుట్టింట్లో ఉంటోంది. వాడు మానేసేదాకా రానంది. ఆమెను తప్పుపట్టను అనుకుంటాను గానీ రోజూ ఒకసారి పడుతూనే ఉన్నాను.

అమ్మ పోయినప్పుడు వీడింకా నిక్కర్లలో ఉన్నాడు. అప్పటినుంచీ నాదే పూచీ. ఆ హడావిడిలో పెళ్ళి చేసుకోవడం మరిచిపోయానని అందరితో నవ్వుతూ చెబుతుంటాను.

ముందు గదిలో వాడికి పక్క వేశాను. వీధి తలుపు తాళంచెవి నా బ్యాగులో వేసుకున్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇది రాస్తున్నాను. దేవుడికి చెప్పవచ్చు గానీ ఇవన్నీ ఆయనకు ఇప్పటికే చాలాసార్లు చెప్పాను. వినీ వినీ విసుగెత్తి ఉంటుంది.

సెప్టెంబర్ 4, బుధవారం

ఆసుపత్రిలో నా పని యథాప్రకారం. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన కత్తెరలూ పట్టకార్లూ కడిగి, ఆరబెట్టి, రెండు పొరల ఆకుపచ్చ గుడ్డలో మూట కట్టి, టేపు అంటించి ఆవిరన్నకు ఇవ్వడం. ఆవిరి మిషన్ దగ్గరుంటాడని ఆయనకు ఆ పేరు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. మిషన్లోంచి బయటికి వచ్చేసరికి టేపు మీది గీతలు నల్లబడతాయి. గీత నల్లబడిందంటే మూట సిద్ధమైనట్టే. ఇక థియేటర్లో తప్ప దాన్ని ఎవరూ విప్పకూడదు.

మూట కట్టేముందు పక్కవాళ్ళవి కూడా ఒకసారి చూస్తే గానీ నాకు తోచదు. కొత్తగా చేరిన అమ్మాయి నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టిందట. పెట్టుకోనీ.

భోజనం వేళ లోపు ఇంటికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి, "అక్కా, ఇంకా బతికే ఉన్నాను. కాస్త గ్యాప్ ఇచ్చి చెయ్యి" అన్నాడు.

సెప్టెంబర్ 8, ఆదివారం

పాస్టరుగారు ఇవాళ సమర్పణ గురించి చెప్పారు. ఆయనకు జలుబు. రెండు మాటలకోసారి ముక్కు తుడుచుకుంటూనే చెప్పారు, అయినా సూటిగా వచ్చి తగిలింది. మోయలేనిది మోస్తున్నవాళ్ళు ముందుకు రండి అన్నారు. వెళ్ళాను. మోకాళ్ళ మీద పడి తమ్ముణ్ణి ప్రభువు చేతుల్లో పెట్టేశాను. వీడిక నావాడు కాదు, నీవాడు, నీ ఇష్టం అన్నాను. వెక్కి వెక్కి ఏడ్చాను. వెనకావిడ తన రుమాలు ఇచ్చింది. లేచేసరికి ఒళ్ళు తేలికైంది. ఇన్నాళ్ళూ ఇంత చిన్న పని ఎందుకు చేయలేదా అనిపించింది.

ఇంటికి వచ్చాక, వాడు స్నానానికి వెళ్ళినప్పుడు వాడి దిండు వాసన చూశాను. ఊరికే.

సెప్టెంబర్ 9, సోమవారం

పూర్తిగా అప్పగించేశాను కదా, ఇక భయం లేదు. తమ్ముడు పనిచేసే పెయింటింగ్ మేస్త్రికి ఫోన్ చేసి, వాడు పనిలోకి వస్తే వాడి నీళ్ళ సీసా మీద ఓ కన్నేసి ఉంచమని చెప్పాను. చెప్పడంలో తప్పేముంది.

సెప్టెంబర్ 12, గురువారం

వాడు పనిలోకి వెళ్తున్నాడు. సాయంత్రం కనుబొమ్మల మీద తెల్లరంగు పడి ముసలాడిలా వచ్చాడు. పాపతో ఫోన్లో మాట్లాడుతూ, "నాన్నకి ముసలితనం వచ్చేసింది, తొందరగా వచ్చి చూసుకో" అన్నాడు. అవతల పాప పకపకా నవ్వడం నాకూ వినిపించింది. తర్వాత మరదలు ఫోన్ తీసుకుంది. వాడు గొంతు తగ్గించి, "ఊ... ఊ... లేదు... నిజంగా లేదు" అన్నాడు.

నేను ఫోన్ లాక్కుని, "నిజమే, లేదు, నేను చూస్తున్నాగా" అన్నాను.

వాడు నా వైపు అదోలా చూశాడు. ఆకలిగా ఉందేమో అనుకున్నాను.

సెప్టెంబర్ 15, ఆదివారం

వచ్చే ఆదివారం మా తమ్ముడు చర్చిలో లేచి సాక్ష్యం చెబుతాడని పాస్టరుగారితో అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, "తొందరేం లేదమ్మా" అన్నారు. తొందర నాకు తెలుసు, ఆయనకేం తెలుసు. పదిమంది ముందు ఒకసారి నోటితో అన్నాడంటే ఆ మాటకైనా కట్టుబడి ఉంటాడు.

ఇంటికొచ్చి చెప్పాను.

"ఎవరు చెబుతారన్నావ్?"

"నువ్వే."

"నేనెప్పుడు అన్నాను?"

"దేవుడు నీకు చేసింది చెప్పడానికి ఏం కష్టంరా?"

"చేశాడో లేదో ఇంకా తేలలేదుగా?"

"నోరు మూసుకో."

"సాక్ష్యం చెప్పమంటావ్, నోరు మూసుకోమంటావ్. ఏదో ఒకటి తేల్చక్కా."

నవ్వాపుకోలేకపోయాను. భోజనాల దగ్గర ఏమేం చెప్పాలో నేర్పించాను. రక్తం కక్కుకోవడం తప్పకుండా చెప్పమన్నాను, వినేవాళ్ళకు హత్తుకుంటుంది. సరే సరే అన్నాడు.

సెప్టెంబర్ 17, మంగళవారం

ఇవాళ పెద్ద పొరపాటు చేశాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

పొద్దున్న వాడు గదిలోంచి ఆలస్యంగా వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర పట్టలేదన్నాడు. ఆ కళ్ళు బుర్రలో పెట్టుకునే పనికి వెళ్ళాను. కడుపు ఆపరేషన్ల సెట్టు మిషన్లోంచి బయటికి వచ్చింది, గీతలు నల్లగా ఉన్నాయి, అంతా సరిగ్గానే ఉంది. కానీ అందులో పెద్ద పట్టకారు సరిగ్గా తోమానా లేదా అని అనుమానం పట్టుకుంది. పోదు. బల్ల చుట్టూ తిరిగాను. చివరికి ఎవరూ చూడకుండా మూట విప్పి చూశాను.

పట్టకారు అద్దంలా ఉంది. మూట మాత్రం పాడైపోయింది. ఒకసారి గాలి తగిలాక అది ఇక పనికిరాదు. మళ్ళీ కడిగి, కట్టి, మిషన్లో పెట్టాల్సిందే. అప్పుడే థియేటర్ నుంచి ఫోన్, ఆ సెట్టే కావాలని. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి లేదని చెప్పాల్సి వచ్చింది. పేషెంటును టేబుల్ దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చారట. పెద్దావిడట. ఏమీ తినకుండా ఇంకో పూట పడుకుని ఉంది.

ఇన్‌చార్జి సిస్టర్ అందరి ముందూ అడిగింది, "కొత్త పిల్ల చేస్తే అర్థముంది. నువ్వా?"

ఆవిరన్న తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "కడిగింది నువ్వే, కట్టింది నువ్వే. నా మిషన్ మీద నీకు నమ్మకం లేదు, అంతేగా?"

"నీ మిషన్ మీద కాదన్నా."

"మరి దేనిమీద?"

ప్రతివాడూ ప్రశ్నలడిగేవాడే.

సెప్టెంబర్ 18, బుధవారం

ఒళ్ళంతా నొప్పులు. ఆ పెద్దావిడకు ఇవాళ ఆపరేషన్ అయింది. వార్డులోకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి చూసి వచ్చాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

వాడికి నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. నేను రెండో వరసలో కూర్చున్నాను. వాడు లేచి మైకు ముందు నిలబడి, "అందరికీ వందనాలు. నేను... పోయిన నెల..." అని ఆగాడు.

"ఆసుపత్రిలో" అన్నాను, కూర్చున్నచోటు నుంచే.

"ఆసుపత్రిలో ఉన్నాను. అప్పుడు నాకు..."

"రక్తం" అన్నాను.

నాలుగోసారి అందించాక వాడు మైకు వదిలేసి నవ్వాడు. "మా అక్క చెబుతుందండీ. నా సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు" అని వెళ్ళి కూర్చున్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. పాస్టరుగారు కూడా. పరువు పోతుందని నేను లేచి మిగతాదంతా చెప్పాను. బాగానే చెప్పాను. చప్పట్లు కొట్టారు. చూస్తే వాడి కుర్చీ ఖాళీ.

ఇంటికి రాలేదు. చీకటి పడుతోంది. ప్రభువా, వాణ్ణి నీకు అప్పగించాను కదా, ఏం చేస్తున్నావు?

సెప్టెంబర్ 23, సోమవారం

తాగాడు.

తెల్లారాక మేస్త్రి మోసుకొచ్చి మంచం మీద పడేశాడు. రక్తం రాలేదు. ఊపిరి చూశాను, కళ్ళ రెప్పలు ఎత్తి చూశాను. గదికి బయటనుంచి తాళం వేసి పనికి వెళ్ళాను.

సెప్టెంబర్ 24, మంగళవారం

నిన్న సాయంత్రం సంగతి రాయలేదు. ఇవాళ రాస్తాను.

పనినుంచి వచ్చేసరికి వాడు లోపల్నుంచి తలుపు తట్టడం కూడా మానేసి ఉన్నాడు. తాళం తీస్తే గదంతా కంపు. పాపం, పాత రంగు డబ్బాలో పోసుకున్నాడు. మూత పెట్టి, దాని మీద వార్తాపత్రిక కప్పి, మూలకు జరిపి ఉంచాడు. అంత మర్యాదస్తుడు వాడు. పొద్దున్న నేను వాడికి నీళ్ళు పెట్టాను, రొట్టె పెట్టాను, దీని సంగతి ఆలోచించలేదు.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, నువ్వు తాళం వేస్తే నాకు మిగిలేది ఒకటే పని. నువ్వు ఎప్పుడు తీస్తావా అని చూడ్డం. తాగకుండా ఉండే పనంతా నువ్వే చేసేస్తున్నావు. ఇంక నేనేం చెయ్యను?"

"చచ్చిపోతావురా."

"తెలుసు. డాక్టరు నాకూ చెప్పాడు. నీ ఒక్కదానికే చెప్పాడనుకుంటున్నావా?"

డబ్బా నేనే తీసుకెళ్ళి పారబోసి కడిగాను.

సెప్టెంబర్ 25, బుధవారం

పనయ్యాక చక్రాల మామ్మ దగ్గరికి వెళ్ళాను. చక్రాల కుర్చీలో ఉంటుందని మా చర్చి పిల్లలు పెట్టిన పేరు, ఆవిడే ఒప్పుకుని వాడుకుంటుంది. ప్రార్థన విన్నపాలన్నీ ఆవిడకే చెబుతాం. తాగడం, తాళం, డబ్బా అన్నీ చెప్పాను. ఆవిడ కాలిగోళ్ళు తీయమని కత్తెర నా చేతికిచ్చి, కాళ్ళు నా ఒళ్ళో పెట్టి వింది.

"వాడి సంగతి విన్నానమ్మా. నీ సంగతేంటి?"

"నా సంగతేముంది మామ్మా, బానే ఉన్నా."

"మా ఆయన్ని మార్చమని ముప్ఫై ఏళ్ళు దేవుణ్ణి అడిగాను. మారలేదు. పోయాడు. పోయాక మోకాళ్ళేస్తే ఏం మాట్లాడాలో తోచలేదే. అప్పుడు తెలిసింది. అన్నేళ్ళూ నేను ప్రార్థన చెయ్యలేదు, మా ఆయన మీద చాడీలు చెప్పా. చూసుకుని, చూసుకుని, బొటనవేలు కొయ్యకు."

నాకు కోపం వచ్చింది. ఓదారుస్తుందని వెళ్తే ఈ మాటలా. గోళ్ళు తీసేసి, పని ఉందని వచ్చేశాను.

సెప్టెంబర్ 27, శుక్రవారం

నీరసం.

సెప్టెంబర్ 29, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపాను. జ్వరం లేదు. ఇన్నాళ్ళూ వాడి కోసం ఎంతమందితో జ్వరమని అబద్ధమాడానో, నా కోసం ఆడటం ఇదే మొదలు. వాడు పక్కగదిలో పడుకుని కప్పు చూస్తున్నాడు, నేను ఈ గదిలో పడుకుని చూశాను.

అక్టోబర్ 1, మంగళవారం

బల్ల దగ్గర కళ్ళు తిరిగి పడబోయాను. ఆవిరన్న పట్టుకున్నాడు. ఇన్‌చార్జి సిస్టర్ బీపీ చూసి, "ఇంటికి పో. నువ్వు లేకపోతే ఆసుపత్రి కూలిపోదు" అంది. మంచితనంతోనే అంది.

మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చాను. తమ్ముడు పనికి వెళ్ళాడు. ఆ వేళప్పుడు నా ఇల్లు నేను ఎన్నడూ చూడలేదు. వంటింటి కిటికీలోంచి గచ్చు మీద ఎండ పడుతోంది. అందులో కూర్చున్నాను. అలవాటు కొద్దీ "ప్రభువా, మా తమ్ముణ్ణి" అని మొదలుపెట్టి ఆగిపోయాను. చాడీలన్న మాట గుర్తొచ్చింది. సరే, వాడి గురించి చెప్పను అనుకున్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. వాడి పేరు తీసేస్తే నాకూ దేవుడికీ మధ్య మాటలే లేవు.

పదహారేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకున్నాను, స్నేహితురాళ్ళందరూ తీసుకుంటున్నారని. అప్పటినుంచి సంఘంలో కుర్చీలు సర్దేది నేను, పాటల పుస్తకాలు పంచేది నేను, అందరూ వెళ్ళాక దీపాలార్పేది నేను. ప్రభువుకు తమ్ముణ్ణిచ్చాను, మరదల్నిచ్చాను, పాపనిచ్చాను. ఇచ్చి, సోమవారం పొద్దున్నే మూట విప్పి చూసుకున్నాను. నన్ను మాత్రం ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నన్ను నా దగ్గరే ఉంచుకున్నాను, వీళ్ళందరినీ చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని.

నీ మీద నాకు నమ్మకం లేదు అని పైకే అన్నాను. ఎవరూ లేరు కదా. అమ్మ పోయిన రోజు నుంచీ లేదు, ఉన్నట్టు నటిస్తున్నాను, నేను వదిలేస్తే నువ్వు పట్టుకోవని నా భయం అన్నాను. అలిసిపోయాను. నా వల్ల కాదు. వాడి సంగతే కాదు, నా సంగతే నా వల్ల కాదు. నన్ను తీసుకో. ఏం చేస్తావో చెయ్యి. నేను మంచిదాన్ని కాదు, పనిమంతురాల్ని, అంతే. నా తప్పులు క్షమించి నన్ను నీదాన్ని చేసుకో.

ఎవరో పిలిచినట్టు గానీ, వెలుగు వచ్చినట్టు గానీ ఏమీ లేదు. పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. కానీ నేను చెప్పింది విన్నాడు. అది తెలిసింది. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేను. నేను అంత కఠినంగా మాట్లాడినా పక్కనే ఉన్నాడు, కోప్పడలేదు. ఆ గచ్చు మీదే పడుకుని నిద్రపోయాను. తమ్ముడు వచ్చి లేపేదాకా లేవలేదు. పాపం, నేను పోయాననుకుని హడలిపోయాడు.

అక్టోబర్ 2, బుధవారం

ఇవాళ ఇంటికి ఫోన్ చేయలేదు. ఒక్కసారి చేశాను. మోగకముందే పెట్టేశాను.

అక్టోబర్ 3, గురువారం

వేరే ఊళ్ళో ఒక స్కూలు మొత్తానికి రంగులు వేసే పని వచ్చిందట. మేస్త్రి కింద పనివాళ్ళంతా వెళ్తున్నారు, అక్కడే ఉండాలి. వీడూ వెళ్తానంటున్నాడు. ఆ పనివాళ్ళలో సాయంత్రమయ్యాక తాగని మనిషి లేడు, నాకు తెలుసు, వాడికీ తెలుసు.

"వద్దంటావా?"

వద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాడు చచ్చిపోతే? శవాన్ని తీసుకురావడానికి నేనే కదా వెళ్ళాలి? అడగడానికి మాత్రం వేరే అడిగాను. "నువ్వేమంటావు?"

వాడు బిత్తరపోయాడు. నన్నెప్పుడైనా ఎవరైనా ఇలా అడిగారా అన్నట్టు చూశాడు.

"భయంగానే ఉందక్కా. ఇక్కడా భయంగానే ఉంది. అక్కడ కనీసం ఆ భయం నాదే అవుతుంది. నువ్వు ఫోన్ చెయ్యకు. నేనే చేస్తా."

సరే అన్నాను. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను.

అక్టోబర్ 5, శనివారం

వెళ్ళాడు. వాడు చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు వాడి బ్యాగు నా పక్కనే ఉంది. లోపల సీసా ఉందేమో చూద్దామని జిప్పు మీద చెయ్యి వేశాను. ప్రభువా, చూశావుగా, నేను ఇలాంటిదాన్నే, నువ్వే పట్టుకో అన్నాను. చెయ్యి తీసేశాను.

అక్టోబర్ 9, బుధవారం

ఫోన్ లేదు.

అక్టోబర్ 11, శుక్రవారం

ఫోన్ లేదు. మేస్త్రి నంబరు నోటికి వచ్చు, అదొక శాపం. మధ్యాహ్నం చేతులు కడుగుతూ మనసులోనే ప్రభువుతో మాట్లాడాను. నీళ్ళు చల్లగా ఉన్నాయనీ, కొత్త అమ్మాయి మూట నేను చూడకుండానే వెళ్ళిపోయిందనీ, బాగానే కట్టిందనీ. ఆయనకు ఇలాంటివి చెప్పవచ్చని ఈమధ్యనే తెలిసింది. తమ్ముడి గురించి భయంగా ఉందని కూడా చెప్పాను. ఏం చెయ్యాలో మాత్రం ఆయనకు చెప్పలేదు.

మోకాళ్ళు నొప్పి. అలసట పోలేదు. కానీ ఇది పని చేస్తే వచ్చే అలసట, పడుకుంటే నిద్ర వస్తోంది.

అక్టోబర్ 13, ఆదివారం

చర్చికి వెళ్ళాను. చక్రాల మామ్మ నన్ను చూసి నవ్వి తన కాలిగోళ్ళు చూపించింది. మళ్ళీ రమ్మనట.

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. వాడే. స్కూలు ఎంత పెద్దదో చెప్పాడు, పసుపు రంగు ఏరికోరి వేయించుకుంటున్నారన్నాడు. విన్నాను. నేను తిన్నానా అని అడిగాడు. తిన్నానన్నాను. తర్వాత ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆ మౌనంలోకి నేను ఎన్నిసార్లు దూకబోయానో దేవుడికే తెలుసు.

"అక్కా, అడగవా?"

"అడగను."

"అడిగితే లేదని చెబుదామని ముందే అనుకుని ఫోన్ చేశా. నువ్వు అడక్కుండా కూర్చుంటే నాకేం చెయ్యాలో తెలీట్లేదు." ముక్కు చీదిన చప్పుడు. "తాగానక్కా. గురువారం. ఒక్కసారే. నిన్న ఇక్కడి ఆసుపత్రికి నేనే వెళ్ళా. డాక్టరుకి నేనే చెప్పుకున్నా. తాగుడు మానేసినవాళ్ళు పొద్దున్నే అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారంట, రమ్మన్నాడు. ఇవాళ వెళ్ళా. రేపు వెళ్తానో లేదో తెలీదు. వెళ్దామనే ఉంది."

వాడు నాతో నిజం చెప్పడం ఎన్నేళ్ళకి. బస్సెక్కి వచ్చేస్తానని అనలేదు. "విన్నాన్రా" అన్నాను. అంతే అనగలిగాను.

"ప్రార్థన చేద్దామా అక్కా? నువ్వు కాదు. నువ్వు మొదలుపెడితే నా జాతకం మొత్తం చదువుతావు. నేను చేస్తా."

నవ్వొచ్చింది, కళ్ళు మూసుకున్నాను. తనను తాగకుండా ఆపమని అడుగుతాడనుకున్నాను. పాపను, మరదలిని తిరిగి తెప్పించమంటాడనుకున్నాను.

"ప్రభువా," అన్నాడు, "మా అక్క బాగా అలిసిపోయింది. చిన్నప్పటినుంచీ అలిసిపోయే ఉంది. ఆమెని చూసుకో."

ఆమేన్ అనడానికి నాకు చాలాసేపు పట్టింది. వాడు ఫోన్ పెట్టేయకుండా ఆగాడు.